ఎక్కడ ఆగాలో రాజే చెప్పాడు



ఈ పావుగంట మనం వర్సాయ్ వెళ్దాం. ఫ్రాన్స్ దేశం. పారిస్‌కి నైరుతిగా 20 కిలోమీటర్ల దూరం. మొదటి ప్రపంచ యుద్ధం అయిపోయాక సంధి కుదిరిందని బళ్ళో చదువుకున్నాం కదా, ఆ వర్సెయిల్స్ ఇదే. 1919 జూన్ 28న సంతకాలు జరిగింది ఈ రాజప్రాసాదంలోనే.

ఈమధ్య మనవాళ్ళు చాలామంది అక్కడికి వెళ్తున్నారు. పిల్లలు ఆ దేశంలో చదువుకుంటూనో, ఉద్యోగం చేసుకుంటూనో ఉంటే అమ్మానాన్నలు వెళ్తున్నారు. టూర్ కంపెనీల వెంట వెళ్ళేవాళ్ళూ ఉన్నారు. వెళ్ళొచ్చినవాళ్ళని ఎలా ఉందండీ అని అడగండి. "చాలా పెద్దదండీ. ఒకటే జనం. నడిచి నడిచి కాళ్ళు పడిపోయాయి" అంటారు. ఏం చూశారంటే మాత్రం గట్టిగా చెప్పలేరు. అంత దూరం వెళ్ళి, అంత డబ్బు పెట్టి, కాళ్ళనొప్పులు తప్ప ఏమీ మిగలకపోతే నాకు బాధగా ఉంటుంది.

అందుకని ఇవాళ మీకు ఒక్కటే మాట చెప్తాను. అక్కడ అన్నీ చూడక్కర్లేదు. ఎక్కడ ఆగాలో తెలిస్తే చాలు. ఆగిన చోట ముందుకి చూడండి. తర్వాత వెనక్కి తిరిగి చూడండి. అంతే.

ఈ సలహా ఇచ్చింది ఎవరో కాదు. ఆ ప్రాసాదాన్ని అంతటిదాన్ని చేసిన రాజే. 14వ లూయీ. తనను తాను సూర్యుడితో పోల్చుకున్న రాజు. ఆయన ఒక చిన్న పుస్తకం రాశాడు. పేరు "వర్సాయ్ తోటలను చూపించే పద్ధతి". 1689కీ 1705కీ మధ్య దాన్ని ఎన్నోసార్లు తిరగరాశాడు. అంత పెద్ద రాజు, యుద్ధాలు, మంత్రులు, అప్పులు, అన్నీ ఉన్నవాడు, తోట ఎలా చూడాలో కూర్చుని రాశాడు!

ఆ పుస్తకంలో పొగడ్త లేదు. పువ్వులు ఎంత అందంగా ఉన్నాయో ఒక్క ముక్క రాయలేదు. ఉన్నదల్లా అడుగులు. ఇలా బయటికి రావాలి. మెట్ల మీద ఆగాలి. ఇవి చూడాలి. తిన్నగా ముందుకి వెళ్ళాలి. మళ్ళీ ఆగాలి. వెనక్కి తిరిగి ప్రాసాదాన్ని చూడాలి. ఇదీ వరస. నన్నడిగితే, వర్సాయ్ గురించి తర్వాత వచ్చిన ఎన్నో లావుపాటి పుస్తకాల కన్నా ఆ కొద్ది పేజీలే యాత్రికుడికి ఎక్కువ పనికొస్తాయి.

ఎందుకు ఆగాలి? ఒక్కసారి మన ఊళ్ళో గుడిని తలుచుకోండి. ధ్వజస్తంభం దగ్గర నిలబడతాం. అక్కణ్ణుంచి తిన్నగా చూస్తే, మండపం దాటి, అంతరాళం దాటి, గర్భగుడిలో దీపం కనిపిస్తుంది. ఒక్క అడుగు పక్కకి వేశామా, ద్వారబంధం అడ్డొస్తుంది. దీపం కనపడదు. అంటే, మనం ఎక్కడ నిలబడాలో గుడి కట్టిన స్థపతి ముందే అనుకున్నాడన్నమాట. మన చూపుకి ఒక దారి వేసి పెట్టాడు. వర్సాయ్ కూడా అలా కట్టిందే. తేడా ఒక్కటే. ఇక్కడ ఆ చూపు చివర దేవుడుంటాడు. అక్కడ ఆ గీత మీద రాజు పడకగది ఉంది.

అవునండీ, పడకగదే. 1701 నుంచి రాజు పడకగది ప్రాసాదానికి నట్టనడుమ. తూర్పు ముఖం. సూర్యుడు లేచే వైపు రాజు లేస్తాడు. ఆయన నిద్రలేవడం ఒక దర్బారు. పడుకోవడం ఒక దర్బారు. ఆయనకి చొక్కా అందించడం కూడా ఒక గౌరవం. ఆ గది నుంచి పడమటికి గీత గీస్తే, ఆ గీత తోటలోంచి, చెట్ల మధ్య నుంచి, పొడుగాటి కాలువ మీదుగా ఆకాశం అంచుదాకా పోతుంది. ఈ గీతని పట్టుకుంటే వర్సాయ్ మీకు దొరికినట్టే.

కథ క్లుప్తంగా చెప్తాను. 1623లో 13వ లూయీ ఇక్కడ వేటకి ఒక చిన్న విడిది కట్టుకున్నాడు. చుట్టూ అడవి, చిత్తడి నేల. కొడుకు 14వ లూయీ 1661 నుంచి దాన్ని పెంచడం మొదలుపెట్టాడు. 1682 మే 6న రాజదర్బారు మొత్తాన్ని ఇక్కడికి తరలించాడు. 1685లో ఇక్కడా చుట్టుపక్కలా 36,000 మంది పనిచేస్తున్నారని ఆ కాలపు దినచర్యలో ఒక ఆస్థానికుడు రాసిపెట్టాడు. కళ్ళు చెదరాలి, వచ్చినవాడు రాజు ముందు చిన్నబోవాలి అన్న ఈ పద్ధతిని కళాచరిత్రలో బరోక్ అంటారు. ఫ్రెంచి పండితులు కొందరు, మాది బరోక్ కాదు, క్లాసికల్ అంటారు. ఆ వాదన వాళ్ళకి వదిలేద్దాం.

ఇక మొదటి చోటు. ఎక్కడ ఆగాలి?

అద్దాల హాలులో. పొడవు 73 మీటర్లు. ఒక పక్క 17 కిటికీలు. ఎదురుగా 17 అద్దాల తోరణాలు. జనం మిమ్మల్ని తోసుకుంటూ పోతారు. పోనివ్వండి. మీరు కిటికీలు లెక్కపెట్టండి. తొమ్మిదో కిటికీ దగ్గర ఆగండి. ఎటునుంచి లెక్కపెట్టినా నడిమిది తొమ్మిదోదే. అక్కణ్ణుంచి బయటికి చూడండి. కొలనులు, చెట్లు, కాలువ, ఆకాశం, అన్నీ ఒకే గీత మీద. ఇప్పుడు వెనక్కి తిరగండి. అద్దంలో ఆ వెలుగంతా మళ్ళీ కనిపిస్తుంది. ఆ గోడకి అవతల రాజు పడకగది.

అద్దం దగ్గరికి వెళ్ళి చూడండి. అది ఒక్క పెద్ద అద్దం కాదు. ఒక్కో తోరణంలో 21 ముక్కలు అతికారు. 17 తోరణాలు, మొత్తం 357 అద్దాలు. అంత పెద్ద అద్దం ఒక్క పలకగా చెయ్యడం అప్పట్లో చేతకాదు. అప్పటికి మంచి అద్దాలంటే వెనిస్‌వే. మంత్రి కోల్బేర్ పట్టుబట్టి 1665లో ఫ్రాన్సులోనే అద్దాల కార్ఖానా పెట్టించాడు. ఆ పాత అద్దాలకి వెనక పూత పాదరసం, తగరం. ఇప్పటి అద్దంలా తెల్లగా మెరవవు. కొంచెం బూడిదచాయ. సాయంత్రం ఎండలో ఆ చాయ ఎంత బాగుంటుందో చెప్పలేను.

ఈ హాలులోనే 1715 ఫిబ్రవరి 19న పర్షియా రాయబారికి రాజు దర్శనమిచ్చాడు. అప్పటికి ఆయన వయసు 76. వజ్రాలు కుట్టిన బట్టలు వేసుకున్నాడు. ఆ బరువు మొయ్యలేక, భోజనం కాగానే మార్చుకున్నాడని అప్పటివాళ్ళు రాశారు. అదే ఏడు సెప్టెంబరు 1న, ఆ నడిమి పడకగదిలోనే పోయాడు.

వజ్రాలన్నాను కాబట్టి మన కృష్ణా ఒడ్డు సంగతి చెప్పాలి. టావెర్నియర్ అనే ఫ్రెంచి వర్తకుడు గోల్కొండ రాజ్యంలో తిరిగాడు. కొల్లూరు గని దగ్గరికి వెళ్ళాడు. ఇప్పటి పల్నాడు ప్రాంతం. ఆ గనిలో 60,000 మంది పనిచేస్తున్నారని రాశాడు. మగవాళ్ళు తవ్వేవాళ్ళు, ఆడవాళ్ళు, పిల్లలు మట్టి మోసేవాళ్ళు. ఆయన మన దేశం నుంచి ఒక పెద్ద నీలి వజ్రం తీసుకెళ్ళి 14వ లూయీకి అమ్మాడు. అది కొల్లూరుదేనని చరిత్రకారుల నమ్మకం. రాజు దాన్ని సాన పట్టించి, పెద్ద వేడుకల్లో రిబ్బనుకి కట్టి మెడలో వేసుకునేవాడు. ఫ్రెంచి విప్లవం రోజుల్లో, 1792లో, అది పారిస్‌లో దొంగల పాలయింది. మళ్ళీ సాన పెట్టిన ఆ రాయే ఇప్పుడు అమెరికాలో వాషింగ్టన్ మ్యూజియంలో ఉన్న హోప్ వజ్రం. బరువు 45.52 క్యారెట్లు. కొల్లూరు మాత్రం పులిచింతల జలాశయం నీళ్ళలో మునిగిపోయింది. అద్దాల హాలులో నిలబడ్డ తెలుగువాడు ఆ మట్టి మోసినవాళ్ళని ఒక్క నిమిషం తలుచుకోవాలని నా కోరిక. పేర్లు ఎక్కడా రాసిలేవు వాళ్ళవి.

సరే, బయటికి వద్దాం. రెండో చోటు. ప్రాసాదం వెనకాల అరుగు. అటూ ఇటూ రెండు కొలనులు. వాటి గట్ల మీద కంచు విగ్రహాలు. ఫ్రాన్సులోని ముఖ్యమైన నదులు మనుషుల రూపంలో తీరిగ్గా ఒరిగి పడుకుని ఉంటాయి. ఇక్కడ ఆగండి. దూరంగా చూడండి. కాలువ ఇదిగో, ఇక్కడే ఉన్నట్టుంటుంది.

మోసపోవద్దు. మనవాళ్ళ కాళ్ళు పడిపోయేది ఈ మోసానికే. తోట వేసిన మనిషి పేరు ఆంద్రే లె నోత్ర. తోటమాలి కొడుకు. వస్తువు దూరమయ్యేకొద్దీ చిన్నదిగా కనిపిస్తుందని ఆయనకి బాగా తెలుసు. అందుకని దూరాన ఉన్న కొలనుల్ని పెద్దవిగా తవ్వించాడు. కాలువని మరీ పెద్దది చేశాడు. దాంతో అంతా దగ్గరగా ఉన్నట్టు కనిపిస్తుంది. నడిస్తే తెలుస్తుంది. కాలువ ఒక్కటే 1,670 మీటర్ల పొడవు. ప్రాసాదం నుంచి ఆ కొసదాకా రెండున్నర కిలోమీటర్లు దాటుతుంది. మళ్ళీ అంత దూరం వెనక్కి, అదీ ఎగువకి రావాలి. పెద్దవాళ్ళు మొదటే ఈ లెక్క వేసుకోండి. తోటలో చిన్న రైలుబండి తిరుగుతుంది. అద్దెకి బ్యాటరీ బళ్ళు కూడా దొరుకుతాయి.

లె నోత్ర చేసిన ఇంకో చమత్కారం ఉంది. అరుగు మీద నుంచి చూస్తే కాలువ కనిపిస్తుంది గానీ, మధ్యలో ఉన్న ఒక పెద్ద ఫౌంటెన్ కనపడదు. మెట్ల అంచుదాకా వెళ్తేనే, ఒక్కసారిగా కాళ్ళ కింద తెరుచుకుంటుంది. అదే మూడో చోటు. లతోనా ఫౌంటెన్. రాజు తన పుస్తకంలో మళ్ళీ ఆగమన్నది ఇక్కడే. ముందు కింద ఉన్న లతోనాని చూడాలి. తర్వాత పచ్చిక బాట, అపోలో, కాలువ. తర్వాత వెనక్కి తిరిగి ప్రాసాదం.

ఈ లతోనా కథ చెప్తాను. లతోనా సూర్యదేవుడు అపోలో తల్లి. ఇద్దరు పసిపిల్లల్ని ఎత్తుకుని, దాహంతో ఒక చెరువు దగ్గరికి వచ్చింది. ఆ ఊరి రైతులు నీళ్ళు తాగనివ్వలేదు. పైగా చెరువులో దిగి బురద కలిపారు. ఆమెకి కడుపు మండింది. మీరు ఈ బురదలోనే పడి ఉండండని శపించింది. వాళ్ళంతా కప్పలైపోయారు. శిల్పులు పట్టుకున్నది సరిగ్గా ఆ మారిపోతున్న క్షణాన్ని. దగ్గరికి వెళ్ళి చూడండి. ఒకడికి ఒళ్ళు మనిషిది, మొహం కప్పది. నోరు చెవులదాకా సాగిపోయింది. ఇంకొకడు చెయ్యి పైకెత్తాడు, వేళ్ళ మధ్య చర్మం అతుక్కుపోతోంది. చుట్టూ బంగారుపూత కప్పలు. అన్నీ నోళ్ళు తెరిచి ఆమె వైపు నీళ్ళు చిమ్ముతుంటాయి. ఒక తల్లికి గుక్కెడు నీళ్ళు లేవన్నవాళ్ళు, మూడున్నర శతాబ్దాలుగా నీళ్ళు చిమ్ముతూనే ఉన్నారు.

నాలుగో చోటు. కిందికి నడవండి. 335 మీటర్ల పచ్చిక బాట. దాని చివర అపోలో కొలను. నీళ్ళలోంచి సూర్యుడి రథం పైకి లేస్తోంది. నాలుగు గుర్రాలు. సీసంతో పోతపోసి బంగారం పూత పూశారు. రథం ప్రాసాదం వైపే దూకుతున్నట్టు ఉంటుంది. ఇక్కడ ఆగండి. వెనక్కి తిరగండి. ఇందాకటి అద్దాల హాలు కిటికీలు పైన కనిపిస్తాయి. అవి పడమటి ముఖం. మధ్యాహ్నం దాటాక ఎండ వాటి మీద పడుతుంది. అందుకని పొద్దున లోపల గదులు, మధ్యాహ్నం తోట పెట్టుకోండి.

ఇంతే. నాలుగు చోట్లు. తొమ్మిదో కిటికీ. అరుగు. లతోనా మెట్లు. అపోలో కొలను. నాలుగు చోట్లా ఆగండి, చూడండి, వెనక్కి తిరగండి.

ఇక నీళ్ళ సంగతి చెప్పకుండా ఉండలేను. ఇన్ని ఫౌంటెన్లున్న చోట నది లేదు. సెన్ నది దూరంగా, పల్లంలో ఉంది. నీళ్ళు రావాలంటే పైకి ఎక్కాలి. 1684లో మార్లీ అనే చోట ఒక యంత్రం తయారైంది. నది మీద 14 పెద్ద చక్రాలు. ఒక్కొక్కటి దాదాపు 12 మీటర్ల ఎత్తు. వాటికి 200 పైచిలుకు పంపులు. నీళ్ళని దాదాపు 160 మీటర్లు పైకి తోసేవి. ఆ కాలానికి అదొక అద్భుతం. అయినా నీళ్ళు చాల్లేదు.

చాలకపోతే ఏం చేశారు? రాజు తోటలో నడుస్తుంటే, ఫౌంటెన్ల పనివాళ్ళు చెట్ల చాటున కాపలా ఉండేవాళ్ళు. రాజు ఇటు వస్తున్నాడని ఒకడు ఈల వేసేవాడు. ఈ ఫౌంటెన్ తెరిచేవాళ్ళు. రాజు దాటిపోగానే కట్టేసేవాళ్ళు. మళ్ళీ ఈల, మళ్ళీ ఇంకో ఫౌంటెన్. రాజు కంటికి తోట నిండా నీళ్ళే. ఆయన వెనక అంతా పొడి.

అదీ చాల్లేదు. 1685లో యూర్ నదిని మళ్ళించి ఇక్కడికి కాలువ తవ్వడం మొదలుపెట్టారు. వేలాది సైనికుల్ని ఆ పనిలో దింపారు. చిత్తడి నేలలో జ్వరాలు పట్టుకుని చాలామంది చనిపోయారు. 1688లో యుద్ధం వచ్చింది, పని ఆగిపోయింది. ఒక్క చుక్క కూడా వర్సాయ్ చేరలేదు. మంతెనాఁ అనే ఊరి దగ్గర, ఆ నీళ్ళు తేవడానికి సగం కట్టి వదిలేసిన వంతెన కమానులు ఇప్పటికీ నిలబడి ఉన్నాయి. ఫౌంటెన్ అందానికి చప్పట్లు కొడదాం. ఆ సైనికుల చావునీ అదే ఖాతాలో రాద్దాం. రెండూ కలిపితేనే వర్సాయ్.

ఇప్పుడు నీళ్ళు వృథా కావు. అవే నీళ్ళు మళ్ళీ మళ్ళీ తిరుగుతాయి. అప్పటి గొట్టాలే చాలావరకు ఇంకా పనిచేస్తున్నాయి. కాకపోతే ఫౌంటెన్లు రోజూ ఆడవు. ఏప్రిల్ నుంచి అక్టోబరు దాకా, ముఖ్యంగా శని, ఆదివారాల్లో ఆడిస్తారు. ఆ రోజుల్లో తోటకీ టికెట్ ఉంటుంది. నా సలహా, కొనుక్కోండి. చెట్ల గుంపుల మధ్య దాచిన చిన్న చిన్న వనాలు ఆ రోజుల్లో తెరిచి ఉంటాయి. అందులో ఒక్కటైనా చూడండి. ఎన్సెలాదస్ వనం. దేవతల మీద తిరగబడ్డ ఒక రాక్షసుడు బండల కింద పూడిపోతున్నాడు. తల, చేతులు మాత్రం బయట. నోట్లోంచి నీళ్ళు నిలువుగా ఆకాశంలోకి లేస్తాయి.

త్రియానాఁ మహళ్ళు, మారీ ఆంత్వానెత్ రాణి కట్టించుకున్న పల్లె కూడా ఉన్నాయి. వాటికి ఇంకో రోజు కావాలి. ఒక్క రోజే ఉంటే వాటిని వదిలెయ్యండి. బెంగ పెట్టుకోకండి.

దానికి బదులు నారింజతోట చూడండి. అరుగుకి ఎడమవైపు, కింద. చలిదేశంలో నారింజ చెట్టు బతకదు. అందుకని చెట్లన్నీ చెక్కపెట్టెల్లో పెంచుతారు. వెయ్యికి పైగా చెట్లు. నారింజ, నిమ్మ, దానిమ్మ. కొన్ని 200 ఏళ్ళు దాటినవి. చలికాలమంతా 150 మీటర్లు దాటిన ఒక కమాను గదిలో ఉంటాయి. మే నెల నడిమికి ఎండలోకి తెస్తారు. అక్టోబరు నడిమికి మళ్ళీ లోపలికి. పెట్టెని దగ్గరగా చూడండి. పక్క పలకలు తలుపుల్లా ఊడివస్తాయి. తోటమాలి పలక తీసి వేళ్ళు ఎలా ఉన్నాయో చూసుకుంటాడు. ఆ ప్రాసాదంలో నాకు అన్నిటికన్నా నచ్చిన పనితనం ఇదే.

చివరిగా చెట్ల మాట. మీరు చూసే చెట్లు 14వ లూయీ నాటివి కావు. చెట్టుకి వయసుంటుంది. వందేళ్ళకోసారి తోటని మళ్ళీ నాటుతూనే వచ్చారు. 1999 డిసెంబరు 26న పెద్ద తుఫాను వచ్చింది. ఒక్క పూటలో దాదాపు 10,000 చెట్లు కూలిపోయాయి. రాజు నాటి నక్షా ఉంది కాబట్టి, అవే గీతల మీద మళ్ళీ నాటారు. ఇప్పుడు అవి పాతికేళ్ళ వయసులో ఉన్నాయి.

వెళ్ళేవాళ్ళు ఒక్క సంగతి గుర్తుపెట్టుకోండి. సోమవారం ప్రాసాదానికి సెలవు. తోటకి సెలవు లేదు. ప్రాసాదం టికెట్ ఏ గంటకో చూసుకుని ముందే కొనుక్కోండి. మీ పిల్లలు ఫ్రాన్సులో ఉంటే, ఈ నాలుగు చోట్ల పేర్లూ ఇవాళే వాళ్ళకి ఫోన్‌లో చెప్పండి.